ఆఖరి దూలానికి కట్టిన తాడు

కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలంలో నన్ను సౌదీలో, జిద్దా పాతబస్తీ బలద్‌లో ఒక పాత ఇంటి మరమ్మతు పనికి సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. పగడపు రాతితో కట్టిన మూడంతస్తుల ఇల్లు. సేఫ్టీ ఆఫీసరంటే సైటులో ఎవరికీ గిట్టని మనిషి. పరంజా గట్టిగా ఉందని చూసి నేను పచ్చ ట్యాగు తగిలిస్తేనే ఎవరైనా ఎక్కాలి. లేదంటే ప్రాజెక్టు మేనేజరైనా కిందే నిలబడాలి. కడప వాణ్ణి, గొంతు పెద్దది, ఆ ఉద్యోగానికి సరిగ్గా సరిపోయాను.

రాతిపనికి అల్బేనియా నుంచి ఒకే ఊరి మేస్త్రీలను రప్పించారు. కొండల్లో చిన్న ఊరట. తాతల నాటి నుంచి మగవాళ్లు ఎండలు మొదలవగానే ఉలీ సుత్తీ పట్టుకుని దేశాల మీద పోయి, మంచు పడేవేళకు ఇల్లు చేరేవాళ్లట. పెద్ద మేస్త్రీ ఇసూఫ్‌కు అరవై దాటాయి. చాలాకాలం గ్రీసులో పనిచేసినవాడు, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడేవాడు.

పైకప్పుకు చివరి దూలం ఎక్కిన మధ్యాహ్నం వాళ్లంతా కిందికి దిగి, చేతులు కడుక్కుని, గోడ నీడన కూర్చున్నారు. ఇక లేవరే! అడిగితే నవ్వుతారు, సిగరెట్టు ఇవ్వబోతారు. నాకే, సైటులోనే సిగరెట్టు! సరే, అది వేరే గొడవ. మేనేజరుకు ఒళ్లు మండింది. ఇది సమ్మె, రేపు పొద్దునకల్లా పని మొదలుపెట్టకపోతే అందరికీ ఫైనల్ ఎగ్జిట్ అన్నాడు. అంటే వీసా రద్దు, మూటా ముల్లే సర్దుకుని ఇంటికి. ఆ ఏడు వాళ్ల ఊరికి ఇంకో పని దొరకలేదని మాకందరికీ తెలుసు.

జగిత్యాల నుంచి వచ్చిన ఫోర్‌మన్ రాజన్న నా దగ్గరికొచ్చాడు. "సార్, జీతం ముచ్చట గాదట. జర మీరన్న అడుగుండ్రి. పాపం, ముసలాయన మంచోడు."

పరంజా ఎక్కి చూశాను. దూలం ఈ కొస నుంచి ఆ కొసకు కొత్త తాడు బిగించి ఉంది, దానికి ఏమీ వేలాడడం లేదు. ఎత్తులో కట్టిన ప్రతి తాడుకూ కారణం చెప్పాలన్నది నిబంధన. ఇసూఫ్‌ను పైకి పిలిపించి నిలదీశాను. మనిషి సిగ్గుతో చితికిపోయాడు గానీ, ఆఫీసరు అడిగాక చెప్పక తప్పలేదు.

వాళ్ల ఊళ్లో ఆఖరి దూలం ఎక్కగానే ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు తలా ఒక చొక్కానో తువ్వాలో తెచ్చి ఆ తాడుకు కడతారు. పెద్ద మేస్త్రీ దూలం మీద నిలబడి, ఇచ్చినవాళ్ల పేరు ఊరంతా వినపడేలా కేకేస్తాడు. ఆ తర్వాతే కప్పు. నోరు తెరిచి అడగడమంటే మేస్త్రీకి తల కొట్టేసినంత పని. కూర్చుని ఎదురుచూడాలి, అంతే. అల్బేనియాలో కమ్యూనిస్టుల కాలంలో కట్టినవన్నీ ప్రభుత్వ భవనాలే కాబట్టి ఇంటివాడంటూ ఉండడు, తాడు ఖాళీ. వాళ్ల నాన్న ఒకసారి ఉండబట్టలేక సొంత చొక్కా కట్టి కేకేస్తే, ఎవరి పేరు పిలిచావని పోలీసులు పట్టుకున్నారట. మా ఆవిడ పేరు అన్నాడట. చెబుతూ ఇసూఫ్ పడీపడీ నవ్వాడు.

రాజన్నకు చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి దేవుడా, గింతేనా! మా దిక్కు ఇండ్లల్ల వడ్డనాడు మేస్త్రికి బట్టలు పెట్టమా సార్?"

"మా కడపలోనూ గృహప్రవేశానికి పెడతాం లేప్పా" అన్నాను.

ఇంటి యజమాని హాజీ సాలెం పెద్దాయన. ఫోన్ చేస్తే, ముందే చెప్పరేమని నన్నే కోప్పడి, సాయంత్రం అసర్ నమాజు కాగానే కొత్త తోబులు, అదే అరబ్బుల పొడుగు అంగీలు, ఎర్రగళ్ల తలగుడ్డలు మోయించుకుని వచ్చాడు. పక్క కొట్ల వాళ్లు తువ్వాళ్లు తెచ్చారు. రాజన్న జట్టు లుంగీలు తెచ్చింది. వదులు గుడ్డ గాలికి ఎగిరితే ప్రమాదం కాబట్టి, ఒక్కోదానికి రెండేసి ముళ్లు వేయించి, లాగి చూసి, ఆ తాడుకూ పచ్చ ట్యాగు తగిలించాను. ఇసూఫ్ బెల్టు బిగించుకుని "హాజీ సాలేఏఏం!" అని కేకేస్తే సందంతా చప్పట్లు. రాజన్న పేరు పిలిచినప్పుడు మా తెలుగువాళ్ల ఈలలకు పావురాలు లేచిపోయాయి. మేనేజరు ముఖం మాడ్చుకుని చూసి చూసి, కారులోంచి తన టీషర్టు తెచ్చిచ్చాడు. ఆయన పేరు ఇసూఫ్ ఇంకా గట్టిగా పిలిచాడు. సర్వీసులో నేనంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదు.

మర్నాడు అందరికన్నా ముందు పరంజా ఎక్కింది ఆ మేస్త్రీలే.

పని ఆగితే ఆఫీసుకు తెలిసిన కారణాలు సమ్మె, సోమరితనం, ఈ రెండే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ సైటులో పని ఆగినా, జీతాల సంగతి ఎత్తక ముందే నేను అడిగిన ప్రశ్న ఒకటుంది: "మీ ఊళ్లో అయితే ఇప్పుడు ఏం జరగాలి?"