సత్తెమ్మ నొక్కిన బటన్

చిన్నీ, ఆ ఫోన్ పక్కన పెట్టి ఇలా కూర్చో. సరిగ్గా విను, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ తెలివి కలపకు.

కరోనా తగ్గి, సికింద్రాబాద్‌లో మన ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపు మళ్ళీ తెరిచిన ఏడాది అది. మోటార్లు, బోర్డులు, రిమోట్లు అమ్ముతాం కదా, వచ్చేదంతా ఇంజనీరింగ్ పిల్లలే. ఆ రోజు మాత్రం నేరేడ్‌మెట్ నుంచి యాదగిరి అని ఒక పెద్దాయన వచ్చాడు. లేత్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, ఆ మోతకే చెవులు పోయాయి. సంచిలోంచి చెప్పుల డబ్బా అంత రోబో తీసి కౌంటర్ మీద పెట్టాడు. కాలక్షేపానికి తనే చేసుకున్నాడట. నాలుగు చక్రాలు, ముందు ఒక స్పాంజి ముక్క.

"దీనికి మంచి రిమోట్ గావాలె అక్కా. నాకు గాదు, మా సత్తెమ్మకు."

సత్తెమ్మ ఆయన భార్య. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచేతి బొటనవేలు ఒక్కటే కదులుతుంది. ఆవిడ నోటితో పిలిచే వీలు లేదు, గంట కొట్టినా ఈయనకి వినపడదు. అందుకని వంటింట్లో ఈ రోబోని వెనకాల పెట్టుకుంటాడు. ఆవిడ మంచం మీంచి బటన్ నొక్కితే అది కదిలి ఆయన కాలికి తగలాలి.

"లైటు వెలిగేట్టు పెట్టుకోవచ్చుగా?" అని గట్టిగా అడిగాను.

"పొయ్యి దిక్కు జూస్తుంట. లైటెవడు జూస్తడు? కాలికి తగిల్తే ఎర్కైతది."

ముందు ఐఆర్ అనుకున్నాం. టీవీ రిమోట్‌లో ఉండేది అదే, కంటికి కనపడని వెలుతురు. మధ్యలో గోడుంటే పనిచేయదు. బ్లూటూత్ అంటే ఫోన్ పట్టుకోవాలి, ఆ అద్దం మీద ఆవిడ వేలు నిలవదు. వైఫై సంగతి నీకు తెలిసిందే, కరెంటు పోతే అదీ పోతుంది. చివరికి ఆర్‌ఎఫ్ ఇచ్చాను, అంటే రేడియో తరంగాలు. గోడ దాటుతాయి. ఉన్న చిన్న బటన్ తీసేసి, వేలు ఆనితే చాలు దిగే పెద్ద బటన్ వేయించాను. నొక్కినంతసేపు రోబో నడుస్తుంది, వదిలితే ఆగుతుంది.

కొన్నాళ్ళకి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఒక్కసారి ఒత్తితే నీళ్ళు. రెండుసార్లయితే పక్క మార్చాలె. ఒత్తి పట్టుకున్నదనుకో, తిడుతున్నట్టు! చాయ్ జెర లేటైతే సాలు, కాలిని పొడుస్తనే ఉంటది. నోరు పోయినా గయ్యాళితనం పోలే అక్కా!"

నేనూ నవ్వాను.

వానాకాలంలో మళ్ళీ వచ్చాడు. గుండుతో ఉన్నాడు. చూడగానే నాకు అర్థమైపోయింది. రోబోని కౌంటర్ మీద పెట్టి, రిమోట్ నా చేతికిచ్చాడు.

"బటన్ ఇరుక్కపోయిందేమో జూడు అక్కా."

విప్పి చూశాను. స్ప్రింగ్ బాగుంది. నొక్కితే దిగుతోంది, వదిలితే లేస్తోంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ లేచింది.

"చాయ్ పెడుతున్న," అన్నాడు ఆయన. "కాలిని పొడుస్తనే ఉన్నది. తిడుతుందనుకున్న. వస్తున్న, జెర ఆగవే అన్న. చాయ్ వడబోసుకొని పోయేసరికి..."

నా చేతిలోని రిమోట్ వైపు వేలు చూపించాడు.

"బటన్ ఖరాబైందని చెప్పు అక్కా."

ఆయనకి ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి. షాపు నిండా జనం. ఆ మాట అరవడానికి నాకు నోరు రాలేదు, తల అడ్డంగా ఊపాను.

"అంటే పిల్సింది," అన్నాడు. రోబోని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అది ఇంకా మన షాపులోనే ఉంది. రిమోట్ కోసం వచ్చినవాళ్ళు ఎంత దూరం పోతుందనే అడుగుతారు. నేను మాత్రం తిరుగు సిగ్నల్ వచ్చేది తీసుకోమంటాను. అటు అందగానే ఇటు చేతిలో చిన్న దీపం వెలగాలి. వస్తున్నానని ఆయన అన్నాడు కదా, ఆ మాట గోడ దాటి ఆవిడకి చేరలేదు. పిలిచిన మనిషికి...

"అత్తయ్యా! అన్నం చల్లారిపోతోంది, రండి!"

అదిగో, మీ అమ్మ. వస్తున్నానమ్మా, కాస్త ఆగు, ఈ ఒక్క ముక్క... వద్దులే. పెన్ను పెట్టెయ్ చిన్నీ. లే, ముందు మనం