కుట్టేసిన రెండు పేజీలు

మా కడప వైపు ఒక కుటుంబం మీద వచ్చిన నవల ఒకటి నా దగ్గరుంది. తండ్రి బెల్టు దెబ్బలు తింటూ పెరిగిన ఒక బిడ్డ కథ. ఇక్కడ గల్ఫ్‌లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో నలుగురికి చదవమని ఇచ్చాను. ఒకాయన ఏడ్చానన్నాడు. ఇంకొకాయన, ఇంటి గుట్టు ఇట్లా పుస్తకాలకెక్కిస్తారా అని నా మీదే కోప్పడ్డాడు.

చివరగా చదివింది టైలర్ మస్తాన్. పుస్తకం వెనక్కి తెచ్చుకుందామని ఈ సాయంత్రం ఆయన కొట్టుకు వెళ్లాను. రాయచోటి మనిషి, మాటలు తక్కువ. అక్కడే తెరిచి చూస్తే ఎదురెదురు పేజీలు రెండూ అంచు వెంట తెల్ల దారంతో కలిపి కుట్టేసి ఉన్నాయి. తండ్రి మొదటిసారి బెల్టు తీసే చోటు అది. పేజీ కొస మడత పెడితేనే ఊరుకోను, నాకు ఒళ్లు మండింది.

“ఏందన్నా ఇది?” అన్నాను.

ఆయన మిషన్ మీద నుంచి తలెత్తలేదు. “ఎవురు తెరిచినా ఆ బిడ్డకు మళ్లా దెబ్బలు పడతాండాయి. ఇంగ చాలనిపించింది. కచ్చా కుట్టేలే, లాగితే వచ్చేస్తాది.”

పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. నవల చదవడమంటే ఏమిటో నాకు ఈ రోజే తెలిసినట్టుంది.

రేపు ఈ పుస్తకం ఇంకొకరికి ఇవ్వాలి. దారం కొస చేతికందేలా వదిలాడు మస్తాన్. లాగే చెయ్యి మాత్రం నాది కాదు. మీరైతే లాగుతారా?