బొటనవేలి గుంట

వడ్రంగి మేస్త్రి లెక్కలో మనుషులు రెండే రకాలు: చిత్రిక పట్టేవాళ్లు, చిత్రికలు కొనేవాళ్లు. రెండో రకాన్ని మనుషుల్లో కలిపేది కూడా మొహమాటానికే. పాత సామాన్ల అంగట్లో ఎవడైనా తుప్పు చిత్రికని చంటిపిల్లలా ఎత్తుకుని మురిసిపోతుంటే, "జోల కూడా పాడు బాబూ" అని చక్కా పోయేవాడు.

అలాంటివాడు మెరుగుల మాస్టారి గుమ్మం తొక్కాల్సి వచ్చింది. రిటైరయ్యాక పాత చిత్రికలు కొనడం, తళతళలాడేదాకా రుద్దడం, అద్దాల బీరువాలో పెట్టడం మాస్టారి పని. మేస్త్రి అన్న పోయి నెల తిరక్కుండానే ఆయన చిత్రికని వదిన ఈ మాస్టారికి ఇచ్చేసింది.

"ఎందుకిచ్చావు వదినా?"

"మూలన అది కనపడితే చాలు, మీ అన్న ఇప్పుడే లేచి బయటికెళ్లినట్టుంటుంది నాయనా. ఎన్నాళ్లని చూడను?"

కానీ అన్న షెడ్డులో సగం నునుపు చేసి వదిలేసిన బల్లచెక్క ఉంది. అన్న చిత్రిక బ్లేడు అంచుకి రవ్వంత వంపు. అది నడిచిన చెక్క మీద అరచెయ్యి పెడితే సన్నటి అలలు తగులుతాయి. మిగతా సగం మీద ఇంకో చిత్రిక నడిచిందా, అది అన్న బల్ల కాదు. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

"ముప్పై ఏడు!" అంటూ మాస్టారు బీరువా చూపించాడు. "ఒక్కదానికీ తుప్పు లేదు."

"ఒక్కదానికీ పనీ లేదు. మా అన్నదేదండీ?"

మాస్టారు పైఅరలోంచి తీశాడు. "బ్లేడు గుండ్రంగా అరిగిపోయింది పాపం. ఆదివారం సానపట్టి తిన్నగా చేసేస్తా."

"అరగలేదండీ, అరగదీశాడు. మూలలు చెక్కని గీరకుండా. ఆ వంపు కుదరడానికి ఏడాది పట్టింది."

"అలాగా! పిడికి మాత్రం పెద్ద సొట్ట. లప్పం పెట్టి పూడ్చి వార్నిష్ వేశా. చూడండి, తెలుస్తోందా?"

అన్నకి ఎడమచేతివాటం. నలభై ఏళ్లు ఆయన బొటనవేలు నొక్కి నొక్కి చేసిన గుంట అది. మేస్త్రి దాని మీద వేలితో తడిమాడు.

"తెలీట్లేదండీ. నలభై ఏళ్ల మనిషిని నాలుగు రోజుల్లో పూడ్చేశారు."

మాస్టారు దాన్ని మెచ్చుకోలు అనుకుని నవ్వాడు. తిరిగి ఇమ్మంటే మాత్రం తల గీరుకున్నాడు. "అరలో ఖాళీ పడుతుందండీ. వికారంగా ఉంటుంది."

మేస్త్రి సంచీలోంచి ఇంకో చిత్రిక తీశాడు. అడుగు నిలువునా పగిలింది. జిగురు పూసిన చెక్కల మీద బరువు పెట్టడానికి తప్ప ఏనాడూ పనికొచ్చింది కాదు. కాకపోతే ఇత్తడి మర మెరుస్తోంది.

"ఇలాంటిది ఎక్కడా చూళ్లేదే!" అన్నాడు మాస్టారు.

"చూడరు. బుద్ధున్నవాడెవడూ దాచుకోడు."

మాస్టారు వినలేదు. అప్పటికే అరకి అంటించడానికి చీటీ రాస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా మేస్త్రి షెడ్డులో కూర్చుని మేకు మొనతో లప్పం గీకాడు. గుంట బయటపడింది. కుడిచేత్తో పట్టుకుంటే అది అవతలి పక్కన ఖాళీగా ఉండిపోయింది. బతికున్నప్పుడు అన్న అనేవాడు, "నీ చేతికి రాదురా, అక్కడ పెట్టు."

ఎడమచేతికి మార్చాడు. మొదటి తోపుకే చిత్రిక కప్పలా గెంతి చెక్క పెచ్చు లేపింది. రెండో తోపుకి పొర రాలేదు, పొడి రాలింది.

"దద్దమ్మా! నీకంటే ఆ మాస్టారు నయంరా" అని తనని తానే తిట్టుకున్నాడు.

"ఎవరూ?" వదిన గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి కొంగు అంచుని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఎవరూ లేరు వదినా. ఒక చేతకానివాడు చిత్రిక పడుతున్నాడు."

"ఎడం చేత్తోనా?"

"ఇంకో చేత్తో పడితే ఇది ఊరుకోదు."

వదిన వెనక్కి వెళ్లలేదు, గడప మీద కూర్చుంది. పొద్దువాలేసరికి జానెడు మేర అలలు కుదిరాయి. మిగతాదంతా చూస్తే, అన్న ఉంటే చెంప పగిలేదే.