కెమెరా కళ్ళ వ్యాపారి

గోరంతను కొల్లేరంత చేసి చెప్పడం నాకలవాటు. ముందే ఒప్పుకుంటున్నాను.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఏలూరు పక్కింటాయన వాటి సెన్సర్లు తెప్పించి, జిల్లాలోని స్టూడియోలన్నిటికీ సప్లై చేసేవారు. సెన్సరంటే కెమెరాకు కన్ను. ఎవరేమడిగినా జవాబు చెప్పేముందు కళ్ళజోడు తీసి అరగంట తుడిచేవారు.

అంతకుముందు ఆయన ఏలూరులోనే ఒక స్టూడియోలో పనివాడు. "నీకు కళ్ళు కనపడవురా, పో!" అని ఓనరు నలుగురిలో గెంటేశాడు. అందుకే ఆ ఓనరుకు రావలసిన సెన్సర్లన్నీ ఈయన తాడేపల్లిగూడెంలో అతని బద్ధశత్రువు స్టూడియోకే పంపేవారు. ఓనరు అక్కడికెళ్ళి, బతిమాలి తెచ్చుకోవాలి.

ఒకసారి ఓనరు కెమెరా కొల్లేట్లో మునిగి సెన్సర్ పోయింది. మర్నాడే ద్వారకా తిరుమలలో పెళ్ళి ఫోటోలు తీయాలి. పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, ఈ ఒక్కసారికి ఇక్కడే ఇప్పించండి."

"నాకు కళ్ళు కనపడవు కదండీ! గూడెంలో ఆయన్నడగండి, వెతికిపెడతారు."

ఓనరు కన్నీళ్ళకు కొల్లేరు రెండడుగులు పెరిగింది. ఈయన జాలిపడి సెన్సర్ ఇచ్చేశారు.

కొల్లేరు సంగతి మీరే కొలుచుకోండి. జాలిపడడం, సెన్సర్ ఇవ్వడం మాత్రం నా కల్పన. గూడెం వెళ్ళే ఆఖరి బస్సు వెళ్ళిపోయేదాకా ఆయన కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు.