మొక్కు లేని గుండు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్లు నిండి, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో, తిరుపతికి ఒక ఎండాకాలం వచ్చింది. ఎండలు అంతకుముందూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి. కానీ ఆ ఎండను తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. పొద్దున తొమ్మిదికే కొళాయిలో నీళ్లు కాగి వచ్చేవి. మధ్యాహ్నం అంత పెద్ద ఊరూ తలుపులు మూసుకునేది. అప్పుడు కూడా కొండకు వచ్చినవాళ్లు ఉత్త కాళ్లతో ఆ రోడ్ల మీద నడిచిపోతుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ని. నాకు పగలు కూలర్లు అమ్మే కొట్లో పని, రాత్రి మిద్దె మీద రేకుల గదిలో పడక (ఆ గదిలో కూలర్ లేదని కొనేవాళ్లకు చెప్పేవాణ్ని కాదు).

అలా ఉడికి ఉడికి ఉన్న నాకు, గుండు చేయించుకుంటే చల్లగా ఉంటుందని తోచింది. సెలవు పెట్టి తిరుమల బస్సెక్కి, మొక్కూ లేదు పాడూ లేదు, తలనీలాలిచ్చి, గంధం పూసుకుని దిగొచ్చాను. ఆ చల్లదనం కొండమీదే మిగిలిపోయింది. కింద బస్సు దిగేసరికి ఎండ నేరుగా నెత్తిన కూర్చుంది.

ఆదివారం పూతలపట్టు దగ్గర మా ఊరికి వెళ్తే అమ్మ వాకిట్లోనే ఆపింది. "ఏం మొక్కుకున్నావురా?" చల్లదనం కోసమంటే తిడుతుందని భయం. ఎదురుగా నాయన మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. "నాయన మోకాళ్ల నొప్పులు తగ్గాలని" అనేశాను. నాయన చెయ్యి ఆగిపోయింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం చేతిసంచితో తిరుపతిలో మా కొట్టు ముందు నిలబడ్డాడు.

"నువ్వు నాకోసరం ఎంట్రుకలిచ్చినావు. నేను నడిసి కొండెక్కకుంటే ఏం బాగుంటాది?"

"సాయంత్రం పోదాం నాయనా."

"స్వామికాడికి పొయ్యేదానికి నీడ సూసుకుంటామా?"

మెట్లు మొదలయ్యే అలిపిరిలో ఇద్దరం చెప్పులు విడిచాం. ఒకావిడ ఒక్కో మెట్టుకూ వంగి పసుపూ కుంకుమా పెడుతూ మాకంటే ముందే వెళ్లిపోయింది. నాయన పది మెట్లకొకసారి కూర్చునేవాడు. రోడ్డు పక్కన నడవాల్సిన చోట అరికాళ్లు కాలి నేను గంతులేస్తుంటే ఆయన మామూలుగా నడిచాడు, కానీ మొహం నల్లబడిపోయింది. ఈయనకేమన్నా అయితే నా అబద్ధమే కదా కారణం అనిపించింది. ఇంతలో మోకాళ్ల మెట్టు వచ్చింది. భక్తులు మోకాళ్లతో ఎక్కే చోటు అది. నాయన పంచె సర్దుకుని కిందికి వంగాడు.

నేను చెయ్యి పట్టేసుకున్నాను. "మొక్కు లేదు నాయనా. ఎండకు తట్టుకోలేక చేయించుకున్నా. నీ పేరు ఊరికే చెప్పినా."

ఆయన మెట్టు మీద కూలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా గుండు వైపు చూశాడు.

"సరే. ఎంట్రుకలు ముందే ఇచ్చేసినావు గదా. మొక్కు ఇప్పుడు మొక్కుకో" అన్నాడు.

అక్కడే కళ్లు మూసుకుని నిజంగా మొక్కుకున్నాను. నాయన నా భుజం పట్టుకుని లేచి, కాళ్లతోనే ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఆ ఎండ కంటే ఆ మనిషే నాకు పెద్ద వింతగా కనిపించాడు.

నొప్పులు తగ్గాయా అంటే, లేదు. కానీ ఊళ్లో ఎవరడిగినా "మా అబ్బోడు మొక్కినాక సగానికి సగం తగ్గినాది" అని చెప్పేవాడు, కుంటుకుంటూనే. అప్పటి నన్ను, ఆ గుండువాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎండను తప్పించుకుందామని బయలుదేరి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాయన కోసం ఏదో ఒకటి అడిగి వచ్చాడు, పాపం.