నాలుగో జ్వరం నాటి సన్మానం

మా ఊరి బస్టాపు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో నాగజ్యోతి ముఖం ఎక్కడుందో వెతుక్కోవాలి. సన్మానం ఆ పిల్లకే. అయినా పైన వరుసగా మండలం నాయకులు, వాళ్ల కింద చేతులు జోడించిన వీరభద్రయ్య, పక్కన ఆయన భార్య పద్మావతమ్మ, ఆ పక్కన బావమరుదులూ వాళ్ల పిల్లలూ. ఆ పిల్లల చెవుల వెనకనుంచి తొంగి చూస్తున్నట్టు ఒక మూల నాగజ్యోతి, దాని చెల్లెలు ప్రసూన. ప్రసూన బడి యూనిఫాంలో ఉంది. ఆ యూనిఫాం నా కూతురిది. కింద ఎర్రటి అక్షరాలతో ‘ఇద్దరు అనాథ ఆడబిడ్డల విద్యాదాత వీరభద్రయ్య గారికి శుభాకాంక్షలు’ అని రాయించారు. ఉద్యోగం వచ్చింది పిల్లకు, శుభాకాంక్షలు పెదనాయనకు.

వీరభద్రయ్య మాకు గోడ అవతలి మనిషి. వరసకు నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడి బిడ్డలైన ఈ ఇద్దరూ నన్ను అత్తా అంటారు. ఆ తమ్ముడికి రెండెకరాల చేనుండేది. వాన లేక, మొగుడూ పెళ్లామూ ద్రాక్షతోటలకు కూలికి పోయేవాళ్లు. పెద్దరోడ్డు మీద ఆటో బోల్తాపడి ఇద్దరూ ఒకేసారి పోయారు.

దినం నాడు ఈ పిల్లల్ని ఎవరు పెట్టుకోవాలన్న మాట వచ్చింది. మేనమామ, మాది చిన్న ఇల్లప్పా అన్నాడు. ఆ ఇంటి మీద మేడ లేస్తున్నది అందరికీ కనబడుతూనే ఉంది. మేనత్త తనకు షుగరని చెప్పి, పాయసం ఇంకోసారి వేయించుకుంది. చివరికి వీరభద్రయ్య కండువా సర్దుకుని, “నా తమ్ముని బిడ్డలు నా బిడ్డలే” అన్నాడు. చేను కూడా తానే చూసుకుంటానన్నాడు. బిడ్డల మాట ఒకసారి అంటే చేను మాట మూడుసార్లు అన్నాడు.

వీరభద్రయ్య వాళ్లకు పట్టుపురుగుల షెడ్డుంది. పురుగు మహా సున్నితం, దిష్టి తగిలితే గూడు కట్టదంటారు. తల్లినీ తండ్రినీ తినేసిన పిల్లలు షెడ్డు గడప తొక్కకూడదని పద్మావతమ్మ శాసించింది. గడప తొక్కని పిల్లతో ఇంట్లో ఏం పని? అందుకని నాగజ్యోతిని ఆడపిల్లల హాస్టల్ బడిలో పడేశారు. ఆ శకునమే దాన్ని కాపాడింది. సెలవుల్లో అందరి తల్లులూ గేటు దగ్గరికి వస్తే, అది వార్డెనమ్మ వంటగదిలో కూరగాయలు తరుగుతూ ఉండేదట. అలాగే చదివింది. ఇంటర్లో పట్టు పరిశ్రమ కోర్సు తీసుకుంది. ఏ గడప తొక్కనివ్వలేదో ఆ గడప చదువే! పరీక్ష రాసి, గ్రామ సచివాలయంలో పట్టు రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. సోమందేపల్లెలో గది అద్దెకు తీసుకుంది. పాత స్కూటీ ఒకటి కొనుక్కుంది.

ఈలోగా ఊళ్లో కూలీలు దొరకడం కష్టమైంది. దాంతో శకునం దానంతటదే బాగుపడింది. పసిదని ఊరి బడిలోనే ఉంచిన ప్రసూన ఐదో తరగతి దాటగానే పుస్తకం మాన్పించి, ఆకు కోసే కత్తి చేతికిచ్చి షెడ్డులోకి తోలారు. పురుగులు నిక్షేపంగా గూళ్లు కట్టాయి.

ఉద్యోగం రాగానే నాగజ్యోతి మొదట వచ్చింది చెల్లెలి కోసమే.

“పెదనాయనా, ప్రసూనను నాతో పంపు. ఆడ బడిలో చేరుస్తా.”

“ఏమప్పా, ఉద్యోగమొస్తానే మేము కానోళ్లమైతిమా? మొగదిక్కు లేకుండా ఇద్దరాడోళ్లు ఆడుంటే ఊరేమంటాది?”

“అమ్మా నాయనా పోయిన్నాడు ఊరేమన్నా అనిందా పెదనాయనా?”

“చూడు దాని నోరు! సదివిస్తే ఇట్లే ఉంటాది” అని లోపలినుంచి పద్మావతమ్మ. చదివించింది ఎవరో మధ్యనున్న గోడకే తెలియాలి.

నాగజ్యోతి మా వసారాలో కూర్చుని చెంబెడు నీళ్లు తాగింది. “ఇంకో ఏడు పోనీ అత్తా, బడికి పోతానని అడిగేది కూడా మరిచిపోతాది అది” అంది.

అంతలో పంచాయతీ ఎన్నికల మాట మొదలైంది. తన ఇంట్లో ఇంత మంచిపని జరిగిపోయిందని వీరభద్రయ్యకు అప్పుడు తట్టింది. సన్మానం చేస్తానన్నాడు. ఫ్లెక్సీకి ఫోటో కావాలి, ఫోటోలో రెండో పిల్ల కూడా చదువుతున్నట్టు కనబడాలి. నేరుగా మా ఇంటికి వచ్చాడు.

“రామలక్ష్మమ్మా, మీ నందిని యూనిఫాం పెట్టెలో ఉండాది గదా. ఊరికే ఆడుండి ఏం లాభం? ఫోటోకు, సన్మానానికి అంతే. మళ్లీ తెచ్చిస్తాం.”

మా నందిని విషజ్వరంతో పోయి రెండేళ్లు. ఆయనకు అడగడానికి నోరు రావడం, నాకు కాదనడానికి నోరు రాకపోవడం, రెండూ ఊళ్లో అందరికీ తెలిసినవే. పెట్టె తీశాను. మా ఆయన తిమ్మప్ప చూడలేక చేనికి పోయినాడు. ప్రసూనకు తొడిగితే భుజాల దగ్గర వదులైంది. కుట్టు వేస్తుంటే అది జేబులో చెయ్యి పెట్టి ఒక చింతపిక్క తీసింది.

“ఇదెవురిది అత్తా?”

“నువ్వే పెట్టుకో” అన్నాను.

సన్మానం నాడు ఊరికి రావలసిన నీళ్ల ట్యాంకరు రాలేదు గానీ, పూలదండలు హిందూపురం నుంచి ఠంచనుగా వచ్చాయి. మైకు దగ్గర ఆయన మనిషి బాలప్ప, “కన్నతండ్రి కన్నా మిన్న!” అని అరిచినప్పుడల్లా వీరభద్రయ్య వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ ఫోటో వాడి వైపు తిరిగేవాడు. మేనమామా మేనత్తా కూడా వేదిక మీదే ఉన్నారు. శాలువాలన్నీ వాళ్లకే సరిపోయి, నాగజ్యోతికి తువ్వాలు కప్పారు.

మండల విద్యాధికారి మేడం ముఖ్య అతిథి. ఆమె ప్రసూన గడ్డం పట్టుకుని, “ఎన్నో తరగతి తల్లీ?” అని అడిగింది. ముందు మైకు ఉంది.

“ఏడు” అంది పద్మావతమ్మ.

“ఎనిమిది” అన్నాడు వీరభద్రయ్య.

మేడం ఇద్దర్నీ చూసి, మళ్లీ పిల్లనే అడిగింది. “బడి మానుకుని వచ్చినావా ఈ రోజు?”

“లేదు మేడం. పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. ఈ పొద్దు ఆకు ముట్టవు. పనిలేదు గదా, అందుకే రానిచ్చినారు.”

పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి నిద్రలో పడుతుంది. దాన్నే మా దిక్కున జ్వరం అంటారు. కింద కూర్చున్నవాళ్లంతా పురుగులు మేపేవాళ్లే. ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. వెనక వరుసలో ఓబులేసు, “విద్యాదాత గారూ, ఆ పిల్ల కరెక్టుగా సదివింది!” అని కేక పెట్టాడు. షామియానా అంతా నవ్వింది.

నాగజ్యోతి లేచి మైకు అందుకుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

“మా పెదనాయన ఇద్దర్నీ సదివిస్తాండానని ఊరందరికీ కనపడేటట్ల రాయించినాడు. మా పెదనాయన మాట తప్పే మనిషి కాదు. ప్రసూనను ఈ పొద్దే నాతో పంపిస్తాడు, రేపు బడిలో చేరుస్తా. అందరూ చప్పట్లు కొట్టండి” అంది.

కొట్టారు. ఫోటో వాడు కెమెరా ఎత్తాడు. వీరభద్రయ్య ముఖంలో నవ్వు ఎక్కడ నిలవాలో తెలియక కాసేపు తిరిగి, చివరికి మూతి మీద ఆగింది.

“నేనూ అదే చెబుదామనుకుంటి!” అన్నాడు.

మేడం కూడా, రేపు నేనే దగ్గరుండి చేర్పిస్తానంది. ప్రసూన ఇంట్లోకి పోయి బట్టలు మార్చుకోలేదు. పోతే మళ్లీ బయటికి రానిస్తారో లేదోనని, ఆ యూనిఫాంతోనే అక్క స్కూటీ ఎక్కింది.

మరునాడు పురుగులు జ్వరం దిగి లేచాయి. నాలుగో జ్వరం దిగిన పురుగుకు ఎంత ఆకు వేసినా చాలదు. విద్యాదాత గారే లుంగీ ఎగగట్టి మల్బరీ కోయడానికి పోయారు. ఆకు వాడిపోకుండా పైన కప్పడానికి బస్టాపు దగ్గరి ఫ్లెక్సీ విప్పుకొచ్చారు. దాన్ని తిరగేసి కప్పడం మాత్రం మరిచిపోయారు.

సాయంత్రం పద్మావతమ్మ గోడ మీదుగా తల పెట్టింది. “అది మీ నందిని గురుతు గదమ్మా. ఆ పిల్ల మాపేస్తాది. యూనిఫాం వాపసు అడుగు. నేనూ వస్తా నీతోపాటు, ఇద్దరమూ పోయి తెద్దాం.”

యూనిఫాం తెద్దామనే వంకతో పిల్లను తెద్దామని ఆమె ఉద్దేశం.

“రేపు పొద్దున్నే పోతా వదినా” అన్నాను. “పెట్టెలో ఇంకో జత ఉండాది. అదీ ఇచ్చొస్తా.”