పోయినసారి గూడ పోయింది

2023 చలికాలం. అప్పట్లో నేను ఖమ్మంలో ఒక ఆరోగ్య బీమా కంపెనీకి ఇన్వెస్టిగేటర్‌ని. ఆసుపత్రి నుంచి క్లెయిమ్ వస్తే రోగి ఇంటికి వెళ్లి, నిజానిజాలు విచారించి రిపోర్టు రాయడం నా పని. జనం చెప్పే అబద్ధాలు ఇట్టే పట్టేస్తానని కొంచెం పొగరు కూడా ఉండేది.

పినపాక దాటాక అడవి అంచున ఒక చిన్న ఊరు. అక్కడ నాగమ్మ అనే ఎనిమిదేళ్ల పాపకు గుండె వాల్వు ఆపరేషన్ చేయాలి. జబ్బు బయటపడి నెలే అయింది. ఆలస్యం చేస్తే పాప దక్కదని డాక్టర్లు చెప్పారు. తండ్రి లారీ డ్రైవరు. ఏడాది కింద బూర్గంపాడులో ముగ్గురు ఏజెంట్లు పోటీపడి ధర తగ్గిస్తుంటే, అందరికన్నా చవగ్గా ఇచ్చిన మా పాలసీ కొన్నాడు. ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్, అంటే పాలసీ కొనకముందే ఉన్న జబ్బుకి, మూడేళ్ల దాకా మేం పైసా ఇవ్వం.

నేను వెళ్లేసరికి ఇంట్లో పాప, తాత మాత్రమే ఉన్నారు. పట్టపగలే ఎంత నిశ్శబ్దమంటే పాప ఊపిరి తీసుకోవడం నాకు వినిపిస్తోంది. అరచెయ్యి ఎదకు అదిమి పట్టుకుని, గోడకానుకుని కూర్చుంది. జబ్బు ముందు నుంచే ఉందా అని తాతను అడిగాను.

“అవ్ సార్. ఆమెకు ముందు నుంచే ఉన్నది. పోయినసారి గూడ గిదే నొప్పితోని పోయింది” అన్నాడు.

ఇదే నొప్పితో ఇంతకుముందు కూడా దవాఖానాకు పోయిందని రాసి, ఆయన వేలిముద్ర తీసుకున్నాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నవాళ్లను అంతవరకూ చూడలేదు. వారం తిరక్కుండానే క్లెయిమ్ తిరస్కరించారు.

తండ్రి ఫోన్ చేశాడు. పాప అంతకుముందు ఏ దవాఖానా గడపా తొక్కలేదని ఒట్టేశాడు. మర్నాడే మళ్లీ వెళ్లి, పోయినసారి ఏ దవాఖానాకు పోయిందని తాతను అడిగాను. ఆయన అయోమయంగా చూసి, గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాడు.

“దవాఖానా యాడిది సార్? గీ గోడ కాడ్నే కూసోని పోయింది.”

ఫొటోలో ముసలామె అరచెయ్యి ఎదకు అదిమి పట్టుకుని ఉంది. సరిగ్గా దాని కిందే పాప కూర్చుంది, చెయ్యి అలాగే పెట్టుకుని. 

పాపది చనిపోయిన నాయనమ్మ పేరు. ఆమే మళ్లీ పుట్టిందని ఇంటిల్లిపాదీ నమ్మకం. భార్య పేరు నోట పలకని తరం తాతది. అందుకే మనవరాలిని కూడా పేరుతో పిలవడు, ‘ఆమె’ అంటాడు. ఎనిమిదేళ్ల పిల్లను ఆమె అంటున్నాడేమిటని మొదటిరోజే నాకు అనుమానం రావాల్సింది. పోయినసారి అంటే ఆయన లెక్కలో పోయిన జన్మ.

అప్పుడు పాప తలెత్తి నన్ను అడిగింది.

“గీసారి గూడ పోవాల్నా సార్?”

ఏ పోవడం గురించి అడుగుతోందో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుతోనూ భయంతోనూ అక్కడే కూర్చుని, తప్పు నాదని రాసి కంపెనీకి పంపాను. పైవాళ్లతో నాలుగు రోజులు పోట్లాడితే అనుమతి వచ్చింది.

కంపెనీలు పోటీ పడొద్దని నేనిప్పటికీ అనను. కాకపోతే ముందు అందరికీ ఒక కనీస బీమా ఉండాలి, అందులో ‘ముందు నుంచే ఉందా’ అన్న గడి ఉండకూడదు. ఆ పైన ఎంతైనా పోటీ పడనీ. మా పోటీ అంతా ఆ గడి చూపించి రోగులను వదిలించుకోవడంలోనే సాగింది, దాన్ని నింపిన చెయ్యి నాది.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు చూడ్డానికి వెళ్లాను. గోడ దగ్గర ఎవరూ లేరు. వాకిట్లో పాప కోడిపిల్లల వెంట పరిగెడుతోంది. ఎలా ఉందని తాతను అడిగాను.

“గీసారి పోయొచ్చింది సార్” అన్నాడు.